నెమ్మదిగా పోవడానికి చేసిన బండి

పాత బండిని మెత్తగా, బలంగా ఎలా చెయ్యాలని కొత్తగా మెకానిక్ షెడ్డు పెట్టినవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఇంజిన్ బిగింపు చూడండి, చైన్ చూడండి, టైర్లలో గాలి చూడండి అని చెబుతాను. అవన్నీ వాళ్ళకు తెలిసినవే. తెలియనిది ఒకటుంది. పనిలో జీవితమంతా గడిపాక, చివరి ఏళ్ళలో ఒక్క బండి వల్ల నాకది తెలిసింది. ఆ బండి గురించి రాస్తాను. మనుషుల పేర్లు రాయను. మా వైపు వాళ్ళకు పేర్లు అక్కర్లేదు, బయటివాళ్ళకు వాటితో పనిలేదు.

ఆ బండి మనిషి ఇప్పుడు లేడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్ళ చేత కళ్ళు తుడిపించడం నాకు ఇష్టం లేదు.

మా షెడ్డు పలాస పక్కనే కాశీబుగ్గలో ఉండేది. నేనూ మా బావా, అంటే మా చెల్లెలి భర్త, కలిసి నడిపేవాళ్ళం. అతను సుమ్మాదేవి నుంచి రైల్లో వచ్చేవాడు. రైలు ఆలస్యమైన రోజు ఆ కోపం నా మీద చూపించేవాడు. ఇంజిన్ విప్పే పని అతనిది. చక్రాలు, బ్రేకులు, సీట్లు, తీగలు, వచ్చినవాళ్ళతో మాటలు నావి. పని లేనప్పుడు లైబ్రరీ పుస్తకం తెరిస్తే, "సదువు బావా, సదువు. ఇంజిన్‌దేటుంది, దానంతటదే బాగైపోద్ది" అనేవాడు. ముప్ఫై ఏళ్ళలో మేము పోట్లాడుకోని రోజు లేదు. విడిపోదామనుకున్న రోజూ లేదు.

నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆవిడదీ ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బే. మా వైపు ఆ మాట చెబితే ఆ పైన ఇంకేమీ అడగరు. ఆవిడను తీసుకుని టెక్కలికి, తర్వాత పలాసకి డయాలసిస్ కోసం తిరిగిన రోజుల గురించి ఇక్కడ రాయను. ఆవిడ పోయాక ఆ ఆసుపత్రి ఉన్న రోడ్డు వైపు వెళ్ళడం మానేశాను. ఆ వీధిలో ఎవరి బండైనా ఆగిపోతే మా బావే వెళ్ళేవాడు. ఎందుకు నువ్వు వెళ్ళవని ఒక్కసారీ అడగలేదు.

ఒక ఉదయం ఒక రైతు వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఉద్దానంలో, సముద్రం గాలి తగిలే ఊరు. కొంచెం కొబ్బరి, కొంచెం జీడితోట. బండి నూరు సీసీది, టెక్కలిలో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. ఇంజిన్ చప్పుడు వినగానే దాని వయసు తెలుస్తోంది. వెనక అతని భార్య కూర్చుని ఉంది. ఆవిడ చేతి సంచిలో దుప్పటి అంచు కనబడుతోంది. డయాలసిస్ జరిగేటప్పుడు చలేస్తుంది, అందుకని దుప్పటి తెచ్చుకుంటారు. నాకు వేరే ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మావా, క్లచ్ బిగుసుకుపోనాది. బండి వొణుకు కూడా ఎక్కువుంది. సెయ్యి నొప్పెడతంది. కొంచెం తేలిగ్గా అయ్యేటట్టు సూడు" అన్నాడు.

"కేబులు మార్సీసి నూనె పోత్తే అయిపోద్ది" అన్నాడు మా బావ, తలెత్తకుండా.

"అలా కాదు మావా" అని అతను చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రక్తాన్ని బయటికి తీసి, మిషన్‌లో శుభ్రం చేసి, మళ్ళీ ఎక్కించడానికి ముంజేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. కొన్నాళ్ళకు అక్కడ నరం ఉబ్బుతుంది. ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల రక్తం జోరుగా పోవడం తెలుస్తుంది. ఎక్కువగా వాడే చేతికి పెట్టరు, రెండో చేతికి పెడతారు. చాలామందికి అది ఎడమ చెయ్యి. బండికి క్లచ్ ఉండేదీ ఎడమ వైపే.

మా బావ అప్పుడు తలెత్తాడు.

"ఆటోలో ఎల్లమంటే ఇనడు బాబూ" అంది ఆవిడ. "మా ఊరి నుంచి దీనికెల్లేవోళ్ళందరూ ఆటోలోనే ఎల్తారు. ఈయనకే బండి గావాల."

"నువ్వూరుకోయే" అన్నాడతను, కోపం లేకుండా.

బండిని మా దగ్గర వదిలి, ఆ రోజు ఇద్దరూ రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళారు. మేము పని మొదలుపెట్టాం. నిజం చెప్పాలంటే చాలా ఇష్టంగా చేశాం. ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులు వదులైపోయాయి, మార్చాం. వెనక చక్రాన్ని పట్టుకునే చట్రంలో బుష్‌లు అరిగిపోయాయి, కొత్తవి వేశాం. కార్బొరేటర్ కడిగాం. క్లచ్ కేబులు కొత్తది వేసి, ఎక్కడా మడత పడకుండా దాని దారి మార్చాం. లీవరు దగ్గర అరిగిన పిన్ను మార్చాం. సీటు కుట్టే ముసలాయన పాత స్పాంజి పీకేసి, కింద కొబ్బరి పీచు, పైన మెత్తటి స్పాంజి వేశాడు. "స్పాంజొక్కటే అయితే ఆర్నెల్లకు సచ్చూరుకుంటాది. పీచు మనిషి బరువు ఎరుగుతాది" అన్నాడాయన. ఆయన మాట ఎప్పుడూ అలాగే ఉండేది.

క్లచ్ లోపల స్ప్రింగులు రెండు తీసేస్తే ఇంకా తేలికవుతుందన్నాడు మా బావ. పట్టు దొరక్క ప్లేట్లు జారిపోతాయన్నాను. వాదించుకున్నాం. స్ప్రింగులు అలాగే ఉంచాం. కానీ ఇంకో విషయంలో ఇద్దరం ఒకటయ్యాం. వణుకు తగ్గాలంటే ఇంజిన్ తక్కువ తిరగాలి. అందుకని ముందు వైపు చైన్ చక్రం ఒక పన్ను ఎక్కువున్నది వేశాం. మా వైపు ఏ మెకానిక్‌ను అడిగినా ఇదే చెబుతాడు. హైవే మీద బండి సాఫీగా పోతుంది, పెట్రోలు మిగులుతుంది, వచ్చినవాడు మెచ్చుకుంటాడు.

కోటబొమ్మాళి దాకా తీసుకెళ్ళి చూసుకుని వచ్చాం. పోయేటప్పుడు మా బావ నడిపాడు, వచ్చేటప్పుడు నేను. వణుకు దాదాపు లేదు. అరవైలో చేతికి అదురే తెలియలేదు. "కొత్త బండి కూడా ఇలగుండదు బావా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

ఆ రైతు బండి తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు.

"ఎలగుంది అల్లుడూ?"

"బాగుంది మావా. సీటు మెత్తగుంది."

"సెయ్యి?"

"సెయ్యి..." అని ఆగాడు. "బాగానే ఉంది."

టీకి రమ్మంటే రాలేదు. ఆ జబ్బున్నవాళ్ళు టీ కూడా కొలుచుకుని తాగాలి. మా దగ్గర కాసేపు నిలబడి, క్లచ్ లీవరు ఒకసారి నొక్కి, వదిలి, వెళ్ళిపోయాడు.

"బాగుందన్నోడు మళ్ళీ ఎందుకొచ్చినట్టు?" అన్నాడు మా బావ.

తర్వాతి వారం అతని భార్య ఒక్కతే వచ్చింది. అతను వార్డులో మిషన్ మీద ఉన్నాడు. "బాబూ, ఇంటికొచ్చి కంచం ఎత్తలేకపోతన్నాడు. సెయ్యి వాసిపోతంది. నర్సమ్మ సూసి బండి మానీమంది. మానడు. మీరు మంచిగా సేసినారు, కాదన్ను. కానీ మునపటికంటే ఎక్కువే నొప్పెడతందట. మీకు సెప్పొద్దన్నాడు, బాధపడతారని."

ఆవిడ వెళ్ళింది. అంత పని చేసిన బండి ముందుకంటే ఎక్కువ బాధ ఎలా పెడుతుంది? మా బావ మళ్ళీ స్ప్రింగుల సంగతి ఎత్తాడు. నేను మాత్రం ఆ బండిని ఆ రైతు నడుపుతుండగా ఒక్కసారీ చూడలేదని గ్రహించాను. ఎవరి బండైనా మేమే నడిపి చూస్తాం. వెనక కూర్చుని చూసే అలవాటు మాకు లేదు. మెకానిక్ వెనక కూర్చుంటే చూసినవాళ్ళు నవ్వుతారు.

"ఈసారి ఇంటికెల్లేటప్పుడు అతని ఎనక నేను కూకుంటాను" అన్నాను.

"అంటే ఆసుపత్రి కాడికెల్లాల" అన్నాడు మా బావ.

"ఎల్తాను."

"నాను ఎల్తాను బావా. నువ్వొద్దు."

"ఇంజిన్ నీది. సెయ్యి, సీటు నావి. నేనే ఎల్లాల."

వెళ్ళాను. ఆ వరండా గురించి కూడా ఏమీ రాయను. బల్ల మీద కూర్చుని తలుపు వైపు చూడకుండా నేల వైపు చూశాను. మధ్యాహ్నం దాటాక అతను బయటికొచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. సూదులు తీసిన చోట దూది పెట్టి గట్టిగా ప్లాస్టరు వేశారు. నన్ను చూసి ఏదో దొంగతనం బయటపడినట్టు తల దించుకున్నాడు.

"ఇది సెప్పేసిందా?"

"సెప్పింది. నడు, నన్ను మీ ఊరు తీసుకెల్లు. కొబ్బరి బొండం తాగి సాన్నాళ్ళయింది."

అతని భార్య ఆటో ఎక్కింది. నేను వెనక కూర్చున్నాను.

కాశీబుగ్గ దాటి తోటల రోడ్డు ఎక్కాం. పది నిమిషాల్లో నాకు అర్థమైంది. అతను ముప్ఫై దాటడం లేదు. దాటలేడు. రక్తం శుభ్రం చేసిన రోజున తల తేలిపోతుంటుంది, కాళ్ళలో బలం ఉండదు. అలాంటి మనిషి అరవైలో వెళ్ళడు. మేము బండిని అరవై కోసం తయారుచేశాం. ముప్ఫైలో టాప్ గేరు వేస్తే ఇంజిన్ ఈడ్చుకుపోలేక గుంజుతోంది, బండంతా కుదుపుతోంది. ఆ కుదుపు తగ్గడానికి అతను క్లచ్‌ను సగం నొక్కి పట్టుకుంటున్నాడు. గేరు తగ్గిస్తే ఇంజిన్ అరుస్తుంది, మళ్ళీ గేరు పెంచుతాడు, మళ్ళీ సగం నొక్కుతాడు. స్పీడు బ్రేకరు, గొయ్యి, అడ్డం వచ్చిన ఆవు, మలుపు. ఎన్నిసార్లు నొక్కుతున్నాడో లెక్కపెట్టబోయి, నొక్కని క్షణమే లేదని చూసి మానేశాను. లీవరు తేలికైన మాట నిజమే. కానీ ఆ చెయ్యి దాన్ని ఇంటిదాకా వదలడమే లేదు.

మా పనిలో తప్పు లేదు. మేము బండిని మా చేతులతో, మా కాళ్ళ బలంతో నడిపి చూశాం. అదీ జరిగింది.

సగం దూరంలో బండి ఆపాడు. పిక్కలు పట్టేశాయి. జీడిచెట్టు నీడలో కూర్చోబెట్టి కాళ్ళు చాపించి పట్టాను. వద్దన్నాడు. "ఊరుకో, అలవాటున్న పనే" అన్నాను. అప్పుడతనికి నా భార్య సంగతి గుర్తొచ్చినట్టుంది, కాళ్ళు నాకు వదిలేశాడు.

కాసేపటికి అడిగాను. "అల్లుడూ, ఎందుకురా ఇంత కట్టం? ఆటోలో ఎల్తే పోదా?"

"ఆటోలో మా ఊరోళ్ళే ఉంటారు మావా. మంచోళ్ళే. కాదనను." గడ్డిపరక తెంపి పక్కన పడేశాడు. "బండి మీద ఎల్తే దారిలో ఎవుడో ఒకడు అడుగుతాడు, ఎక్కడికెల్తన్నావురా అని. పలాస జీడిపిక్కల బేరానికి అంటాను. సరే ఎల్లిరా అంటాడు. ఆటోలో ఎల్తే ఎవుడూ అడగడు."

నేను రెండో కాలు పట్టడం మొదలుపెట్టాను.

"ఆడికీ తెలుసు మావా, నాను ఎక్కడికెల్తన్నానో. అయినా అడుగుతాడు. అదే గావాల నాకు."

మళ్ళీ ఎక్కాం. ఊరు చేరాక అతను తన చేత్తో, కుడి చేత్తో, బొండం కొట్టి నాకిచ్చాడు. ఆ మధ్య వచ్చిన తుపానుకు చాలా చెట్లు పడిపోయి, మిగిలినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ జబ్బున్నవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగకూడదు. వందల చెట్ల కాయలు దింపించిన మనిషి. బొండం చేతిలో పట్టుకునే నిలబడ్డాను. "తాగు మావా. తియ్యగుంటాది. మా సెట్టు సంగతి నాకు తెలుసు కదా" అన్నాడు. తాగాను.

మర్నాడు మా బావకు చెప్పాను. ముందు చైన్ చక్రం పళ్ళు తగ్గించాలి, వెనక చైన్ చక్రం పళ్ళు పెంచాలి.

అతను నా వైపు విచిత్రంగా చూశాడు. "మొత్తం తిరగేసి సెయ్యమంటన్నావు. పెట్రోలు తాగుద్ది. యాబై దాటితే గోల పెడతాది. సైకిలోడు దాటీసి ఎల్లిపోతాడు బావా. ఇది మన షెడ్డులో సేసిన బండని ఎవుడికైనా తెలిత్తే పరువుంటాదా?"

"అతను యాబై దాటడు."

"దాటడా?"

"ఎప్పుడూ దాటడు. ముప్పైలో టాప్ గేరు ఏసీసి సెయ్యి తీసీవాల. ఇంటిదాకా మళ్ళీ క్లచ్ ముట్టుకోకూడదు. అలాగ సెయ్యి."

మా బావ వెనక చక్రం ముందు కూర్చుని పళ్ళు లెక్కపెట్టాడు. తర్వాత అతనే మొదలుపెట్టాడు. ఇంజిన్ తక్కువ తిరిగినా తడబడకుండా కార్బొరేటర్ మళ్ళీ సర్దాడు, స్పార్క్ పడే సమయం సర్దాడు. దానికి ఎన్నిసార్లు విప్పి బిగించాడో నేను చూశాను. చూసుకోవడానికి ఈసారి హైవే ఎక్కలేదు. ఊళ్ళోనే, బజారులో, ఎద్దుబండి నడకలో తిప్పాం. టాప్ గేరు వేశాక ఎడమ చెయ్యి తొడ మీద పెట్టుకోవాలి, అదీ నియమం. తెలిసినవాళ్ళు ఆపి అడిగేవారు. "ఏటి బావా, పెట్రోలయిపోనాదా?" "బండి తోల్తన్నావా, పెళ్ళికూతుర్ని తీసుకెల్తన్నావా?" మా బావ ఎవరికీ జవాబు చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళలో అతను మాట పడి ఊరుకోవడం అదొక్కసారే చూశాను.

ఆ తర్వాత ఆ రైతు చెయ్యి వాయలేదు. సుమారు రెండేళ్ళు అతను ఆ బండి మీదే వచ్చి వెళ్ళాడు. మా షెడ్డు ముందు నుంచి పోతూ హారన్ కొట్టేవాడు. మా బావ స్పానర్ ఎత్తి చూపించేవాడు. జబ్బు తగ్గలేదు. దాన్ని మేము బాగుచెయ్యలేదు, అలా అనుకోను కూడా. వారంలో కొన్ని గంటలు ఒక మనిషి తనకు నచ్చినట్టు రోడ్డు మీద వెళ్ళాడు, అంతవరకే.

ఒక ఎండాకాలం పొద్దున్న బండి షెడ్డు ముందు ఆగింది. నడిపింది అతను కాదు. ముప్ఫై ఏళ్ళ మనిషి ఎవరో. అతను వెనక కూర్చుని ఉన్నాడు. దిగడానికి ఆ మనిషి భుజం పట్టుకున్నాడు. సన్నబడిపోయాడు.

"మావా, ఈడు మా సిన్నాన్న కొడుకు. ముంబైలో ఎల్డింగు సేసీవోడు. పోయిన నెల ఒచ్చీసినాడు."

ఎందుకు వచ్చేశాడని అడగలేదు. అంత ఎండలో ఆ తమ్ముడు పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు.

"నావల్ల కాదింక మావా. కాళ్ళు నిలబడతం లేదు. బండి ఈడికిచ్చీసినాను. ఇద్దరికీ ఒకే షిఫ్టు ఇచ్చినారు. ఈడు తోల్తాడు, నాను ఎనక కూకుంటాను. ఈడికి సరిపడ సెయ్యి."

మా బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

కొత్త మనిషి బండి చుట్టూ తిరిగి చూశాడు. "మావా, ఒచ్చేటప్పుడు సూసినాను. ఇంజిన్ అరుత్తంది గానీ ముందుకెల్తం లేదు. హైవే మీద ఎంత స్పీడెల్తాది?"

నేను చెప్పేలోగా అతని అన్నయ్య అందుకున్నాడు. "నువ్వెల్లే సోటికి స్పీడెందుకురా? నీ మంచం ఇంకోడికియ్యరులే."

ఇద్దరూ నవ్వారు. తమ్ముడి నవ్వు ముందు ఆగింది.

సీటు మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి చూశాను. పొడుగు మనిషి, హ్యాండిల్ కొంచెం ఎత్తాలి. "సెయ్యి సాపు" అన్నాను. కుడి చెయ్యి చాపాడు. "ఎడమది" అన్నాను. అతను అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య రోడ్డు వైపు చూస్తున్నాడు. అప్పుడు చొక్కా చెయ్యి మెల్లగా పైకి తీశాడు. కుట్లు మానాయి గానీ గీత ఇంకా ఎర్రగానే ఉంది. అతని వేళ్ళకు అందేటట్టు లీవరు దగ్గరికి జరిపి బిగించాను.

షిఫ్టుకు ఇంకా టైముంది. అన్నయ్యను నా కుర్చీలో కూర్చోమని, నేను బండి వెనక ఎక్కాను. తోటల రోడ్డు మీదకు పోనిమ్మన్నాను. ఇంకా బలమున్న మనిషి, మూడో గేరులోనే నలభై దాటించాడు. తగ్గించమన్నాను. టాప్ గేరు వేశాడు. వేశాక కూడా నాలుగు వేళ్ళూ లీవరు మీదే ఉన్నాయి.

"వదిలీ" అన్నాను. "సెయ్యి తీసి తొడ మీద ఎట్టుకో."

"ఆగిపోద్దేమో మావా."

"ఆగదు."

కాసేపటికి వదిలాడు. బండి ముప్ఫైలో సాగిపోతోంది. తోటలో జీడిపిక్కలు ఏరుతున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. అతను తల కొంచెం వెనక్కి తిప్పాడు.

"స్పీడు ఇంకా తగ్గించాలా?"

"ఇంకొంచెం" అన్నాను.